వెన్నునీటిలో పాదాలు

ఆకివీడు,
20 ఫిబ్రవరి 2024

చెల్లెమ్మ జానకికి,

పల్లంరాజు అన్నయ్య ఆశీస్సులు. మా డాక్టరమ్మకి, అంటే నీకు, ఉత్తరం రాసి పదేళ్ళు దాటింది. అక్షరాలు కుదురుగా లేవని వెక్కిరించకు, నీ చేతిరాత కన్నా మేలే.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్ళు రొయ్యల చెరువుల మీద నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత విన్నాక ఇప్పుడు ఎవరు అరిచినా గొణిగినట్టే ఉంటుంది. మెసేజ్ పెడితే, ఫోన్ ఉండేది మీ వదిన చేతిలోనే, నా చెవి దగ్గర నోరు పెట్టి చదువుతుంది, నాకు తప్ప వీధంతటికీ వినపడుతుంది. ఇది ఆవిడ చదవకూడని సంగతి. అందుకని జవాబు ఇంటికి రాయకు, మేత కొట్టు అడ్రసుకి రాయి. నేను రోజూ వెళ్ళేదే.

పదకొండో తారీఖు ఆదివారం పొద్దున్నే మీ వదిన అచ్చాయమ్మ తల పట్టుకుని కూలబడింది. జ్వరం, మెడ వంగలేదు, వెలుతురు చూడలేకపోయింది. మీ ఆస్పత్రికి తెచ్చేసరికి పన్నెండయింది. వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీశారు. ఐదో రోజుకి లేచి కూర్చుని పెసరట్టు అడిగింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు క్యాన్సర్ డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, నాకు వినపడదని కాగితం మీద రాసిచ్చారు: "వెన్నునీటిలో అనుమానపు కణాలు. ఆరేళ్ళ కిందటి రొమ్ము క్యాన్సర్ తలలోకి వచ్చినట్టుంది." ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ చొక్కా ఇంకా ఉతకడానికి వేయలేదు.

తలకి రేడియేషన్, వెన్నులోకి మందు ఇవ్వాలట. మెదడు మందగించొచ్చు, అయినా తప్పదన్నారు. నాకు ఒక్కటే చెప్పు. అది క్యాన్సరేనా? అయితే రేపే మొదలుపెట్టమను. చెరువులో రొయ్యకి తెల్లమచ్చ వైరస్ కనపడితే మేము ఆలోచిస్తూ కూర్చోం, ఉన్న రొయ్యంతా పట్టించేస్తాం. అనుమానం వచ్చాక ఆగినవాడు మిగల్లేదు.

ఇంకోటి. ఆరోజు వరండాలో నన్ను చూసి తల దించుకుని ల్యాబులోకి వెళ్ళిపోయావు. ఏమిటమ్మా అది?

మీ అన్నయ్య,
పల్లంరాజు


రాజమహేంద్రవరం,
27 ఫిబ్రవరి 2024

అన్నయ్యకి నమస్కారాలు.

ఆరోజు పనిలో ఉన్నాను, మరేం లేదు.

మీరు అడిగినదానికి నాకు తెలిసినంత చెబుతాను. మెదడు చుట్టూ, వెన్ను పొడుగునా ఒక నీరు ఉంటుంది. కొబ్బరినీళ్ళ కన్నా తేట. ఎప్పుడు చూసినా ఒక గ్లాసుడే, కానీ రోజుకి అర లీటరు కొత్తగా ఊరుతుంది, పాతది ఇంకిపోతుంది. మీ చెరువుకి నీళ్ళు మార్చడానికి ఎన్ని మోటార్లు కావాలి? ఈ చెరువు మాత్రం పుట్టిన దగ్గరనుంచి మోటారు లేకుండా రోజుకి మూడుసార్లు తనే నీళ్ళు మార్చుకుంటుంది. ఇరవై ఐదేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ ఆ సీసా చేతిలోకి తీసుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అందులో కణాలు దాదాపు ఉండకూడదు. వైరస్ సోకితే వస్తాయి, క్యాన్సర్ పాకినా వస్తాయి. ఏవి ఏవో చెప్పడమే మా పని. వైరస్‌కి వచ్చేవి జాతర జనంలా ఉంటాయి. చిన్నవి, నడివయసువి, బాగా పెద్దవి, అన్నీ కలిసి. క్యాన్సర్‌వి ఒకే ముఠా మనుషుల్లా ఒకే పోలికతో, తరచుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. చెప్పడానికి ఇంత తేలిక. కానీ వైరస్ మీద యుద్ధానికి దిగిన మంచి కణం ఉబ్బి, రూపం మారి అచ్చం క్యాన్సర్ కణంలా కనపడుతుంది.

వదిన మొదటిరోజు నీటిలో పెద్ద కణాలు ఉన్నాయి. ఐదో రోజు మళ్ళీ తీసినదాంట్లో లేవు. అలాగని సంతోషించడానికి లేదు, క్యాన్సర్ కణాలు ఒకసారి దొరికి ఒకసారి దొరకవు. స్కానింగ్‌లో ఏమీ కనపడలేదు. నరాల డాక్టరు ఉదయభాస్కర్ గారు కొన్నాళ్ళు ఆగమంటున్నారు. రిపోర్టు రాసినవారు మాత్రం క్యాన్సర్ అనుమానం బలంగా ఉందనే రాశారు. రేడియేషన్‌కి ఒప్పుకోండి. ఉగాది వెళ్ళాక మొదలుపెడతారు.

ఒంట్లో జాగ్రత్త. మీ బీపీ మాత్రలు మానకండి.

మీ చెల్లెలు,
జానకి


ఆకివీడు,
15 మార్చి 2024

జానకికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీళ్ళ గురించి రాసిన ముక్క బాగుంది. అది చదువుతున్నంతసేపూ నా భార్య జబ్బు సంగతి మర్చిపోయాను. తర్వాత "ఒప్పుకోండి" అన్న మాట వచ్చింది. రిపోర్టు రాసినవారు, రాసినవారు అంటావు. ఎవరమ్మా ఆ మహానుభావుడు? వచ్చినప్పుడు నాకొకసారి చూపించు.

ఒప్పుకున్నాను. సంతకం పెట్టాను. మీ వదినకి మాత్రం నరాల బలానికి కరెంటు వైద్యం అని చెప్పాను. ఆవిడ నా ముఖం కేసి చూసి, "మీరు అబద్ధమాడితే ఎడమ చెవి గోక్కుంటారండి" అంది. గోక్కున్నాను కాబోలు.

మొన్న చూపించుకోవడానికి రాజమండ్రి వచ్చాం కదా. తిరిగి వెళ్దామంటే, కాదు, కోరుకొండ స్వామిని చూసి వెళ్దామంది. సరే, కింద నుంచి దణ్ణం పెట్టుకుందాం అన్నాను. "నేను కొండెక్కుతాను, మీరు కింద చెప్పులకి కాపలా ఉండండి" అంది. ఆ మెట్ల నిలువు నీకు తెలుసుగా? ఒక్కొక్క మెట్టూ మోకాలెత్తు. ఎక్కింది జానకీ! అరవై రెండేళ్ళ మనిషి. నేను సగంలో రొప్పుతూ కూర్చుంటే పైనుంచి చెయ్యి ఊపింది.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. కానీ చెరువులో వైరస్ పడ్డ రొయ్య గట్టు పక్కకి వచ్చి నీరసంగా తేలుతుంది, మేత ముట్టదు. జబ్బు చేసినది జబ్బు చేసినట్టే ఉంటుంది. తలలో క్యాన్సర్ ఉన్న మనిషి కోరుకొండ ఎక్కుతుందా? నీ పుస్తకాల్లో ఎక్కడైనా రాశారా? తెలియక అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు.

అన్నయ్య


రాజమహేంద్రవరం,
24 మార్చి 2024

అన్నయ్యకి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

ఆ మహానుభావుడు ఎవరని అడిగారు. నేనే. వదిన రిపోర్టు రాసింది నేను. అందుకే వరండాలో మీ ముఖం చూడలేకపోయాను.

సొంతవాళ్ళ స్లైడు సూక్ష్మదర్శిని కింద చూడకూడదు. చూశాను. రెండో తప్పు ఇంకా పెద్దది. కాకినాడలో చదివేటప్పుడు మా మాస్టారు ఒక పద్ధతి నేర్పారు: ముందు స్లైడు, తర్వాత కాగితం. రోగి చరిత్ర ముందే చదివితే కళ్ళు దానికి తగ్గట్టే చూస్తాయని ఆయన కాగితాన్ని దాచేసేవారు. ఇన్నేళ్ళలో నేను ఆ పద్ధతి తప్పలేదు. ఆరోజు కాగితం దాచినా లాభం లేదు, వదిన చరిత్ర నాకు కంఠతా వచ్చు. ఆపరేషన్ రోజున బయట కూర్చున్నది నేనే కదా. స్లైడు పెట్టగానే పెద్ద కణాలు కనపడ్డాయి. నా గుండె ముందు కొట్టుకుంది, కళ్ళు తర్వాత చూశాయి.

మీ కోరుకొండ మెట్ల ఉత్తరం వచ్చాక రూబీని పిలిచాను. పన్నెండేళ్ళుగా మా ల్యాబులో నీటి నుంచి కణాలు తీసి స్లైడు చేసేది ఆ అమ్మాయే. వెన్నునీటిలో కణాలు గంటలో చెడిపోతాయి. అందుకని సీసా చేతికందితే ఎవరి మాటా వినకుండా పరుగెడుతుంది. "పాత స్లైడులు పది తియ్యి, పేర్ల మీద ప్లాస్టర్ అంటించు, వదినది కలిపెయ్యి, నాకు చెప్పకు" అన్నాను. "మేడమ్, వెంటనే ఇస్తే గుర్తుపట్టేస్తారు. నేను ఇచ్చినప్పుడు చూడండి" అని నాలుగు రోజులు ఏడిపించి నిన్న ఇచ్చింది.

ఒక్కొక్కటీ చూసి రాసుకుంటూ పోయాను. మూడోది క్యాన్సర్, సందేహం లేదు. ఐదోదీ అంతే. ఏడోది పెట్టాను. అబ్బ, ఏం కణాలు అన్నయ్యా! చిన్నవాటి మధ్య పెద్ద పెద్దవి, పలచటివి, అంచులు చెదిరి దూదిపింజల్లా ఉన్నాయి. వాటి నడిమి గుండ్రం వంగి, నొక్కుపడి, తడికాలితో గచ్చు మీద నడిస్తే పడే ముద్రలా ఉంది. ఒకదాన్నొకటి పట్టుకోలేదు. నాకు భయం వేయలేదు. ఎంతసేపు చూశానో తెలియదు. "రకరకాల కణాలు. వైరస్ కావచ్చు" అని రాసి ప్లాస్టర్ పీకాను. వదినది.

రూబీ నా పక్కనే నిలబడింది.

ఇలాంటి కణాలున్న జబ్బు ఒకటి ఉందని చదివాను. ఎప్పుడూ కళ్ళారా చూడలేదు, చాలా అరుదు. వైరస్ వెన్ను దగ్గరి నరాల్లో ఏళ్ళతరబడి నిద్రపోయి, ఎప్పుడో లేస్తుంది. నాలుగు రోజులు మనిషిని పడేసి, తనే వెళ్ళిపోతుంది. మళ్ళీ వస్తుంది. ఈ పాదాల కణాలు మొదటి రోజు మాత్రమే ఉంటాయట, మర్నాటికి కరిగిపోతాయట. ఐదో రోజు నీటిలో కనపడకపోతే దొరకలేదన్నాను నేను. అసలు లేవేమో.

కానీ ఇది ఊహ. ఒక్కసారి వచ్చినదాన్ని పట్టుకుని చెప్పలేం. అందుకే అడుగుతున్నాను, బాగా గుర్తుచేసుకోండి. వదినకి ఇలాంటి తలనొప్పి ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా? వదిన్ని అడిగితే "నాకేం రాలేదమ్మా" అంది, ఆస్పత్రి కాగితంలోనూ లేదని రాయించింది. రేడియేషన్‌కి ఇంకా మూడు వారాలే ఉంది.

నన్ను తిట్టాలనుంటే తిట్టండి.

జానకి


ఆకివీడు,
28 మార్చి 2024

జానకీ,

తిట్టాను. చెరువు గట్టు మీద నిలబడి గట్టిగా తిట్టాను, కొంగలు లేచిపోయాయి. ఇప్పుడు నా వంతు. నువ్వు ఒకటి దాచావు, నేను మూడు దాచాను.

నా చెరువు పుస్తకం నీకు గుర్తుందా? రోజూ నీటి ఉప్పుదనం, మేత, వాన, రొయ్య సైజు రాసేది. అందులో ఇంటి సంగతులు కూడా ఒకటీ అరా రాస్తుంటాను, వేరే పుస్తకం పెట్టేంత ఓపిక లేక. నీ ఉత్తరం పట్టుకుని పాత పుస్తకాలన్నీ తిరగేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"2019 జూన్ 7. ఉప్పుదనం పన్నెండు. మేత తగ్గించాను. అచ్చాయికి జ్వరం, తలనొప్పి, మెడ పట్టేసింది." "జూన్ 11. తగ్గింది. గారెలు వండింది."

"2021 నవంబరు 19. వాన. రెండో చెరువులో ఏరియేటర్ ఆగింది. అచ్చాయికి మళ్ళీ అదే తలనొప్పి." "నవంబరు 22. నయం. అన్నవరం వెళ్ళాలంటోంది."

"2022 డిసెంబరు 3. చలి. రొయ్య మేత తినట్లేదు. అచ్చాయీ తినట్లేదు." "డిసెంబరు 7. ఇద్దరూ తింటున్నారు."

ఎందుకు చెప్పలేదంటావు. మొదటిసారి రాగానే క్యాన్సర్ మళ్ళీ వచ్చిందనుకుంది. "ఆ మందులు మళ్ళీ ఎక్కించుకోలేనండి. జుట్టు ఊడినా భరించాను గానీ ఆ వాంతులు నా వల్ల కాదు. డాక్టర్లకి చెప్పారంటే నా మీద ఒట్టే" అని తన తల మీద నా చెయ్యి పెట్టించుకుంది. నాలుగు రోజులకి తగ్గింది. సత్యనారాయణస్వామి తగ్గించాడంది, వెళ్ళి వ్రతం చేయించుకున్నాం. మూడుసార్లూ అంతే. నాలుగోసారి మాట తడబడేసరికి నేను ఒట్టు గిట్టు చూడలేదు, కారెక్కించేశాను. ఒట్టు తీసి గట్టున పెట్టినవాణ్ణి, ఆ పాత సంగతి నీకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. చూశావా నా తెలివి.

ఇంకో మాట. పదమూడేళ్ళ కిందట నా పెద్ద చెరువు గుర్తుందా? రొయ్య పెంకు మీద తెల్లమచ్చలు కనపడ్డాయి. ల్యాబుకి పంపమన్నారు. వైరస్సే, ఇంకా ల్యాబేంటి అని మర్నాడే వల వేయించి చెరువంతా పట్టించేశాను, వేలెడు కూడా ఎదగని రొయ్యని. మూడో రోజున ల్యాబువాళ్ళు కబురంపారు. వైరస్ లేదు, నీళ్ళలో సున్నం ఎక్కువై మచ్చలు పడ్డాయని. ఖాళీ చెరువు దగ్గర నిలబడి ఆ కాగితం చదువుకున్నాను. చెరువులో చేసిన తప్పు ఇంట్లో చేయబోయాను, అదీ నేనే తొందరపెట్టి.

ఇప్పుడేం చేద్దాం? నువ్వు చెప్పినట్టు చేస్తాను.

అన్నయ్య


రాజమహేంద్రవరం,
5 ఏప్రిల్ 2024

అన్నయ్యా,

మీ పుస్తకంలోని తారీఖులు ఉదయభాస్కర్ గారి ముందు పెట్టాను. ఆయన ఆ కాగితం తీసుకుని లేచి నిలబడి చదివారు. "క్యాన్సర్ నాలుగు రోజుల్లో తనంతట తగ్గి, రెండేళ్ళు కనపడకుండా పోదు మేడమ్. అదీ మూడుసార్లు!" అన్నారు. ఉప్పుదనం పన్నెండు అంటే ఏమిటని కూడా అడిగారు.

పాత స్లైడుకే రూబీ మరో రంగు వేసింది. రొమ్ము నుంచి వచ్చిన కణమైతే ఆ రంగు పడుతుంది. పట్టలేదు. నా రిపోర్టు నేనే మార్చి, తప్పు నాదని రాసి సంతకం పెట్టాను. క్యాన్సర్ డాక్టరు గారు ముందు ఒప్పుకోలేదు. చివరికి రేడియేషన్ ఆపారు. నెలనెలా పరీక్ష, మూడు నెలలకోసారి స్కానింగ్. ఏమాత్రం తేడా వచ్చినా ఆగననే షరతు మీద.

వైరస్ అని చెప్పే రుజువు మాత్రం ఇంకా లేదు. పాత నీరు ఒక్క చుక్క మిగల్లేదు. ఈసారి తలనొప్పి వస్తే ఆరోజే, వీలైతే ఆ పూటే తీసుకురండి. మర్నాటికి పాదాలు చెరిగిపోతాయి.

నేను పొరబడ్డానేమో అని రోజుకోసారి అనిపిస్తోంది. మొదటిసారి అంత గట్టిగా పొరబడ్డదాన్ని, రెండోసారి పొరబడనని ఏముంది? మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

జానకి


ఆకివీడు,
30 మే 2024

జానకికి,

స్కానింగ్ శుభ్రంగా ఉందన్నారు. నువ్వు పక్కనే ఉన్నావుగా, మళ్ళీ చెప్పడం ఎందుకు. చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

జబ్బు కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో నీకు తెలియదమ్మా. పొద్దున్నే లేచి ఆవిడ ముఖం చూస్తాను. బాగుంటే బాగుందని సంతోషం. ఆ వెంటనే, ఇవాళ కూడా రాలేదు, రుజువు దొరకలేదు అని దిగులు. ఛీ, నేనేం మనిషినని నన్ను నేనే తిట్టుకుంటాను. తుమ్మినా చేతికి కారు తాళాలు వస్తున్నాయి. "మీకేమైందండి, నేను తుమ్మితే తాళాలు తీస్తారు" అని నవ్వుతుంది.

మీ వదిన ఈ ఏడు ఆవకాయ రెండింతలు పెట్టింది. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఎందుకే ఇంత అంటే, కాయ బాగా దొరికింది అంది. రెండో జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టించింది. నాకు కాఫీ పెట్టుకోవడం కూడా నేర్పింది. నలభై ఏళ్ళ తర్వాత! డికాక్షన్ నీళ్ళలా వచ్చిందని రెండుసార్లు పారబోసి మళ్ళీ చేయించింది. పంతులమ్మ అయిపోయింది.

కారులో పెట్రోలు ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నాను.

అన్నయ్య


రాజమహేంద్రవరం,
12 ఆగస్టు 2024

అన్నయ్యకి నమస్కారాలు.

మూడో తారీఖు శనివారం మీరు లోపలికి రాలేదు. వరండాలో తడిసిన బట్టలతో కూర్చున్నారు. లోపల ఏం జరిగిందో అరిచి చెప్పే సంగతి కాదు, ఆస్పత్రిలో అరిచినా మీకు వినపడదు. అందుకే రాస్తున్నాను.

తలనొప్పి ఏడింటికి మొదలైందన్నారు. ఆ వానలో, గోదావరి ఎర్రగా పొంగుతుంటే కొవ్వూరు వంతెన దాటి పదిన్నరకల్లా తెచ్చారు. పదకొండూ ఐదుకి ఉదయభాస్కర్ గారు వెన్నునీరు తీశారు. రూబీ గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది. సీసా అరచేతుల్లో పెట్టుకుని మెట్ల మీద పరుగెత్తింది. పన్నెండు కాకుండా స్లైడు తయారు.

ఈసారి ముందు నేను చూడలేదు. కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకావిడ ఉంది, వదిన ఎవరో తెలియదు. కాగితం దాచేసి ఆవిడకి ఇచ్చాను. నేను గోడ కేసి తిరిగి కూర్చున్నాను. ఆవిడ స్లైడు అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత, "మేడమ్, ఇవేంటండీ? అడుగుల్లా ఉన్నాయి!" అంది.

అప్పుడు చూశాను. అన్నయ్యా, అవే. ఒకటి కాదు, పదుల కొద్దీ. ఏ ముద్రలో చూసినా మడమ దగ్గర వెడల్పు, మధ్యలో నొక్కు. ఊదారంగు పాదాలు, ఎవరో ఇంతకుముందే ఆ అద్దం మీద నడిచి వెళ్ళినట్టు. కుడి పాదాలు, ఎడమ పాదాలు. నేను మొదటిసారి వీటినే చూసి క్యాన్సర్ అన్నాను. అవి వదినని చంపడానికి వచ్చినవి కావు, కాపాడటానికి పరుగెత్తుకొచ్చినవి! వైరస్ లేచిన కొన్ని గంటల్లోనే ఒంట్లో ఏ మూల నుంచి వచ్చాయో, ఎలా తెలిసిందో, ఆ తేట నీటిలోకి దిగాయి. మీరు ఆకివీడు నుంచి రావడానికి మూడున్నర గంటలు పట్టింది. అవి మీ కన్నా ముందొచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. రూబీ సిలువ గుర్తు వేసుకుంది. నేను ఏ దేవుడికి మొక్కాలో తెలియక సూక్ష్మదర్శినికే దణ్ణం పెట్టాను.

ఆ నీటిలో సగం వైరస్ పరీక్షకి పంపాం. మూడో రోజు వదిన ఒప్పుకుంటే మళ్ళీ కొంచెం తీశాం. ఒక్క పాదం లేదు. చిన్న చిన్న గుండ్రటి కణాలు మాత్రం, జాతర అయిపోయాక మైదానంలో మిగిలిన నలుగురిలా. నిన్న వైరస్ రిపోర్టు వచ్చింది. ఉంది. పెదాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ కుటుంబంలోది. స్కానింగ్ మళ్ళీ శుభ్రం. క్యాన్సర్ డాక్టరు గారు రేడియేషన్ కాగితం చింపి నా చేతిలో పెట్టి, "మీరు ఆపకపోతే మొదలుపెట్టేసేవాణ్ణి" అన్నారు. మొదలుపెట్టించింది కూడా నేనే అని ఆయనకి చెప్పాను.

మళ్ళీ రావచ్చు. మందులున్నాయి. వచ్చినా క్యాన్సర్ కాదు. అన్నయ్యా, క్యాన్సర్ కాదు.

ఇక వదినకి అంతా చెప్పేయండి. ఎడమ చెవి గోక్కోకుండా చెప్పండి.

జానకి


ఆకివీడు,
28 ఆగస్టు 2024

మా ఆడపడుచు జానకీదేవి గారికి అచ్చాయమ్మ రాయునది.

మీ అన్నయ్య గారు గొంతు సవరించుకుని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మీ ఉత్తరం రాగానే అంతా చెప్పారు. పాపం చెమటలు పట్టాయి. నేను కొత్తగా విన్నట్టే విన్నాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను, నాకు మార్చి మొదట్లోనే తెలుసు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన ఏది దాచినా చెరువు పుస్తకంలోనే దాస్తారు. మీ ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన చేపల రేవుకి వెళ్ళినప్పుడు చదివి, మడత చెడకుండా పెట్టేసేదాన్ని. మందులొద్దని ఒట్టేయించుకున్న మనిషినే, ఆయన సంతకం పెట్టొచ్చారని తెలిసి నోరు మూసుకున్నాను. ఆయన కోసం అదీ భరిద్దామనుకున్నాను. ఆయన ఏడుస్తారని నేను చెప్పలేదు, నేను ఏడుస్తానని ఆయన చెప్పలేదు. ఇద్దరం ఒకరికొకరం తెలియకుండా బాగానే నవ్వుకున్నాం.

కోరుకొండ ఎందుకు ఎక్కానో తెలుసా? ఎక్కగలిగితే నాకేమీ లేనట్టే అని స్వామితో పందెం వేశాను. పైకెళ్ళి చెయ్యి ఊపాను గానీ, ఆయన తల తిప్పగానే మెట్టు మీద కూలబడ్డాను.

మీ మీద నాకు కోపం లేదు. మీరు నన్ను ప్రేమించబట్టే మీ కళ్ళు అలా చూశాయి. రిపోర్టు తప్పని రాసి సంతకం పెట్టారే, అది చదివినప్పుడు మాత్రం ఆ ఉత్తరం కళ్ళకద్దుకున్నాను.

ఇరవయ్యో తారీఖున మీ ల్యాబులో ఆ స్లైడు నాకు చూపించారు కదా. అప్పుడు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. అవి నా ఒంట్లోవేనా అని ఎంత ఆశ్చర్యపోయానో! మొన్న సోమవారం కృష్ణాష్టమికి గుమ్మం దగ్గర నుంచి పూజగది దాకా బియ్యప్పిండితో చిన్ని కృష్ణుడి పాదాలు వేశాను. పిడికిలితో అద్ది, వేళ్ళు పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. అచ్చం మీ స్లైడులో ఉన్నవే. ముప్పై నలభై ఏళ్ళుగా నేను వేస్తున్నవి, నా వెన్నులోకి ఎలా వచ్చాయమ్మా? పాదాల మధ్య కూర్చుని చాలాసేపు ఏడ్చాను. మీ అన్నయ్య గారు పరుగెత్తుకొచ్చి కారు తాళాలు తీశారు. నవ్వలేక చచ్చాను.

మళ్ళీ వస్తే రానివ్వండి. నాలుగు రోజులుండి పోయేవాటికి నేను భయపడను.

ఇక ఆవకాయ సంగతి. ఆయనకి కాయ బాగా దొరికిందని చెప్పాను. కాదు. వచ్చే ఏడు నేను ఉంటానో లేదో, ఆయన బయట కొన్న ఆవకాయ ముట్టరు కదా అని రెండో జాడీ పెట్టాను. కాఫీ నేర్పిందీ అందుకే. మార్చిలో మీరు వైరస్ కావచ్చని రాశారు, చదివాను. కానీ కావచ్చు అన్న మాట మీద జాడీ ఖాళీగా ఉంచలేం కదండీ.

ఇప్పుడు ఆ జాడీతో పని లేదు. ఈ ఉత్తరంతో పాటే మీకు పంపుతున్నాను. సగం రూబీకి ఇవ్వండి, నూనె పైకి తేలి ఉంది, జాగ్రత్తగా పట్టుకోమనండి. వచ్చే వేసవికి మళ్ళీ నేనే పెడతాను.

మీ వదిన,
అచ్చాయమ్మ